టైపు సారు తిప్పిన పావు చుట్టు

మా టైపు సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున తూంకుంటలో ఒక మీటింగులో నేను ఎవరితోనో గట్టిగా వాదిస్తున్నప్పుడు మేడం ఫోన్ చేశారు. మేడం అంటే సారు భార్య. "బాబూ, మీ సారు వెళ్ళిపోయారు. నిద్రలోనే. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు" అన్నారు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని వాదన పూర్తి చేశాను. ఎందుకు చేశానో తెలియదు. బయటికొచ్చి కరీంనగర్ రోడ్డు పక్కన నిలబడ్డాక, రెండు మూడు లారీలు పోయాక గానీ ఏం విన్నానో తలకెక్కలేదు.

ఆయన గురించి రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. మేడ్చల్‌లో రెండు తరాల పిల్లలకు టైపు మిషన్ మీద వేళ్ళు పెట్టడం నేర్పిన మనిషి గురించి పేపర్లు రాయవు. ఒక సర్పంచి పుట్టినరోజుకు అరపేజీ వేస్తారు, టైపు మాస్టారి చావుకు రెండు లైన్లు కూడా వేయరు. అది ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది. ఆయన బతికుండగా అచ్చులో వేస్తానని మాటిచ్చి నేను వేయని సవరణ ఒకటుంది. మూడేళ్ళు దాటేశాను. ఇగ దాటేయడానికి అవతల మనిషే లేడు. ఆ సవరణ ఈ వ్యాసంలోనే చేస్తున్నాను.

తొంభైల మొదట్లో మేడ్చల్ బస్టాండు ఎదురుగా, ఎరువుల దుకాణం మీద ఒక మేడగది. అందులో ఎనిమిది టైపు మిషన్లు. కింది నుంచి యూరియా వాసన, పైన రిబ్బన్ సిరా వాసన, ఆదివారాలు మాత్రం కిరసనాయిలు వాసన. సారు ఆ రోజు గుడ్డముక్కతో ఒక్కొక్క అక్షరం కడిగేవారు. ఆయనది కాకినాడ వైపు. "మా ఆవిడకి ఇటు బదిలీ అయిందండీ, ఆవిడతో వచ్చేశాను" అని అందరికీ మామూలుగా చెప్పేవారు. పెళ్ళాం ఉద్యోగం వెంట వచ్చానని ఒక మగమనిషి సిగ్గుపడకుండా చెప్పుకోవడం నేను వినడం అదే మొదలు.

నేను చేరిన రోజు "మీ పేరేమిటండీ?" అని అడిగారు. నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. మాది శామీర్‌పేట దగ్గరి లాల్‌గడి మలక్‌పేట్. అప్పటిదాకా నన్ను పిలిచిన ప్రతి నోరూ 'అరే' అనో 'ఓ పొలగా' అనో పిలిచిందే. ఇది ఆంధ్రోళ్ళు మనుషులను దూరం పెట్టే పద్ధతేమోనని నాకు అనుమానం. వారం రోజులు కడుపులో పెట్టుకుని, తర్వాత అడిగేశాను.

"సార్, మమ్ముల అండీ అండీ అని పిల్సుడు దేనికి? మా సదువును జూసి నవ్వుతున్నరా?"

ఆయన రిబ్బన్ మారుస్తున్నారు. తలెత్తలేదు. "మిషన్ ముందు కూర్చున్నాక అందరూ టైపిస్టులేనండీ. టైపిస్టును పట్టుకుని నువ్వు అని ఎలా అంటాను?"

సమానత్వం మీద తర్వాత చాలా పుస్తకాలు చదివాను, చాలా ఉపన్యాసాలిచ్చాను. మొదటి పాఠం మాత్రం అదే.

ఆయనకు వృత్తి నియమం ఒకటుండేది. కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా చెప్పేవారు. "కాపీలో ఉన్నది కొట్టండి. అనుమానం వస్తే ఒకసారి అడగండి. రెండోసారి అడిగారంటే మీరు టైపిస్టు కాదు, ఎడిటరు." మేం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవారు కాదు.

పాటల సంగతికి వస్తాను. టైపులో పై మెట్టైన హయ్యర్ పరీక్షకు కూర్చునే వాళ్ళకు వేళ్ళు ఒకే లయలో పడాలి. సులువైన మాట దగ్గర పరుగెత్తి, కష్టమైన మాట దగ్గర ఆగితే స్పీడు రాదు. దీనికి సారు ఒక ఉపాయం కనిపెట్టారు. కిటికీలో టేప్‌రికార్డర్ పెట్టి ఒక క్యాసెట్ వేసేవారు. విశాఖ హార్బరులో పనిచేసే ఆయన తమ్ముడు, ఓడవాళ్ళు వదిలేసిన సామాన్లలోంచి తెచ్చిచ్చిన క్యాసెట్ అది. ఎవరో ఇంట్లో రికార్డు నుంచి ఎక్కించుకున్నది. అట్ట లేదు, బొమ్మ లేదు. బాల్‌పెన్నుతో ఒక బ్యాండు పేరు, 'మొదటిది' అని ఇంగ్లీషులో ఒక మాట, అంతే.

ఆ బ్యాండు పేరు నేనిక్కడ రాయను. రాస్తే మీరు వెతుక్కుని కొత్త పాటలు ముందు వింటారు. ఇంగ్లండులో ఒక మిల్లుల ఊరు వాళ్ళది. అక్కడ పంక్ అని ఒక సంగీతం వచ్చింది, ఒళ్ళంతా కోపం, గిటార్లు పగలగొట్టుడు. ఆ గోల చల్లారినాక అదే కోపాన్ని చల్లగా, కొలత తప్పకుండా వాయించినవాళ్ళు కొందరు బయల్దేరారు. వాళ్ళను పోస్ట్-పంక్ అంటారు. మా క్యాసెట్ వాళ్ళు ఆ బాపతు. డ్రమ్ములో ఒక్క అలంకారం ఉండదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే దెబ్బ. పాట రాగాన్ని బేస్ గిటార్ మోస్తుంది. మామూలు గిటారేమో రేకు మీద మేకుతో గీరినట్టు అప్పుడప్పుడు ఒక గీత గీసి తప్పుకుంటుంది. దాని మీద సన్నని, వణకని, ఎవరినీ బతిమాలని ఒక ఆడగొంతు. సైరన్ మోతలు, మూతబడ్డ మిల్లుల గేట్లు, అద్దె కట్టని గదులు. మాకు అర్థమైన మాటలు అవే.

మొదటి రోజు నా పక్క మిషన్ మీది తూంకుంట దోస్తు నా చెవిలో అన్నాడు. "ఏందిర గిది, పాటనా, పిండి గిర్నీనా?"

"మాట్లాడితే స్పీడు పోతుందండీ" అన్నారు సారు, కిటికీ దగ్గర్నుంచే.

నెల తిరిగేసరికి ఎనిమిది మిషన్లు ఆ డ్రమ్ముతో కలిసి నడిచేవి. కింద ఎరువుల దుకాణమాయన "పైన రైలు నడుస్తాంది" అనేవాడు. క్లాసు అయ్యాక సారు క్యాసెట్ తిప్పి రెండో పక్క వేసుకుని, టైపు లేకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేవారు. నేనూ ఉండిపోయేవాణ్ణి. "వీళ్ళు అరవరండీ. చెప్పాల్సింది చెప్పి పక్కకు తప్పుకుంటారు" అనేవారు. ఒకసారి ఆ టేప్‌రికార్డరే అడుక్కుని ఇంటికి తీసుకుపోయి మా బాపుకు వినిపించాను. ఆయన జీడిమెట్లలో ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. గోడకు ఒరిగి ఒక పాట మొత్తం విన్నాడు. "గిది పాట గాదుర. డ్యూటీ" అన్నాడు. ఆ బ్యాండు మీద నేను చదివిన ఏ విమర్శా ఇంతకన్నా బాగా చెప్పలేదు.

మేడ్చల్‌లో ఎరువుల దుకాణం మీద ఈ పాటలేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నగరంలో ఇంగ్లీషు బడుల్లో చదివిన మిత్రులు నన్ను ఇదే అడిగారు, ముఖం మీద చిరునవ్వు దాచుకోకుండానే. ఎవరికి ఏ పాట దక్కాలో వాళ్ళ దగ్గర పట్టా ఉన్నట్టు. డప్పు మీదంట, గిటారు మాదంట. మిల్లు మూతబడితే ఎట్లుంటదో మాకు ఎవరూ అనువదించి చెప్పాల్సిన పని లేదు. ఆ పాటలు మాకు చుట్టాలు. సరే, ఈ కొట్లాట ఇంకోసారి పెట్టుకుంటాను.

తొంభైల చివరికి ఆ బ్యాండు పెద్దదైంది. వాళ్ళ పాట ఒకటి కేబుల్ టీవీలో రోజుకు నాలుగుసార్లు రావడం మొదలైంది. శామీర్‌పేటలో ఒక దోస్తు ఇంట్లో చూసి నాకు మండిపోయింది. పాట నెమ్మదిగా, మెత్తగా ఉంది. పాడేది ఒక మగగొంతు. మన పిల్ల ఏది?

సారు దగ్గరికి పరుగెత్తాను. అప్పటికి మేడగదిలో మిషన్లు నాలుగుకు తగ్గాయి, రెండు కంప్యూటర్లు వచ్చాయి. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, మా వంటివాళ్ళ వ్యాసాలు ఆయనే కంపోజ్ చేసేవారు. ఆయన సికింద్రాబాద్ పోయి ఆ కొత్త సీడీ అప్పటికే తెచ్చుకున్నారు.

"అమ్ముడువోయిన్రు సార్!" అన్నాను.

"బాగానే ఉందండీ. మంచి డ్రమ్ములు కొనుక్కున్నట్టున్నారు."

"గా పిల్లను తీసేసిన్రు. పేరొచ్చేదాంక ఆడపిల్ల గొంతు గావాలె, పేరొచ్చినంక మగోడు ముంగటికొచ్చిండు. నెమ్మదిగ, తియ్యగ పాడి అమ్ముకుంటున్నడు."

సారు సీడీ అట్టను చేతిలో అటూ ఇటూ తిప్పారు.

వారంలో వ్యాసం రాశాను. పేరు 'ఆ అమ్మాయి ఎక్కడ?' తొలి పాటల వేగం ఒక తరం ఆగ్రహమని రాశాను. ఆ ఆడగొంతులోని ధిక్కారాన్ని మార్కెట్ భరించలేక గెంటేసిందని రాశాను. పాటలు నెమ్మదించడమే లొంగుబాటుకు సాక్ష్యమన్నాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? మధ్యలో ఒక వాక్యం పెట్టాను: "మా ఊళ్ళో ఒక టైపు మాస్టారు ఈ తిరుగుబాటు పాటలను పరీక్ష తాళంగా వాడి, వాటిలోంచి గుమాస్తాలను తయారుచేశాడు, కొత్త పాటలు కూడా బాగానే ఉన్నాయని ఆయన అనడంలో ఆశ్చర్యం లేదు."

ఆ వ్యాసాన్ని కంపోజింగుకు ఎవరికిచ్చానో ఊహించండి. ఆయనకే ఇచ్చాను. అప్పట్లో దాన్ని నిజాయితీ అనుకున్నాను.

పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన కొడుతున్నారు. ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు ఆయన వేళ్ళు ఆగుతాయని చూశాను. ఆగలేదు, తొందరపడలేదు. అన్ని వాక్యాల లయలోనే అదీ అయిపోయింది. "గుమాస్తాలో స్తాకు దీర్ఘం మర్చిపోయారు. పెట్టాను" అన్నారు, అంతే.

చివరి పేజీ అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ అమ్మాయి సంగతి ఒకసారి చూసుకుంటారా?" అన్నారు.

"మీరు కొట్టుండ్రి సార్. ఆలోచించుడు నా పని."

"సరేనండీ" అన్నారు.

వ్యాసం ఒక చిన్న పత్రికలో వచ్చింది, బాగా పేలింది. సభల్లో ఉదహరించారు. ఒక స్త్రీవాద సంచికలో మళ్ళీ వేశారు. కరీంనగర్ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది, ఆ అమ్మాయికి జరిగింది చదివి ఏడ్చానని. నేను సారు దగ్గరికి పోవడం తగ్గించాను. పని ఎక్కువైందని చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆ దీర్ఘం నన్ను లోపల గుచ్చుతుండేది.

తర్వాత కొన్నేళ్ళకు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత సీడీల కుప్పలో ఆ బ్యాండు మొట్టమొదటి ఆల్బం దొరికింది. ఇంటికి తెచ్చి పెట్టాను. పాటలన్నీ మనవే. కానీ నెమ్మదిగా ఉన్నాయి, పాడేది మగగొంతు. నా మొదటి ఆలోచన ఏమిటంటారా? దుర్మార్గులు, తొలి పాటలను కూడా ఆ పిల్లను తీసేసి మళ్ళీ రికార్డు చేసి అమ్ముతున్నారు! రెండో వ్యాసానికి పేరు కూడా అనుకున్నాను. రుజువు కోసం సారు దగ్గరున్న పాత క్యాసెట్ కావాలి.

అప్పటికి మేడగది మూతబడింది. సారు మేడ్చల్‌లోనే ఒక కొత్త కాలనీలో ఉంటున్నారు. కుడిచేతికి పట్టు తగ్గింది, గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటున్నారు. మధ్యాహ్నం వేళ. నేను గుమ్మంలోనే మొదలుపెట్టాను.

"సార్, మోసం సార్, పచ్చి మోసం. పాత క్యాసెట్ ఇయ్యుండ్రి, వీళ్ళ బండారం బయటపెడ్త!"

ఆయన అంతా విన్నారు. విని నవ్వడం మొదలుపెట్టారు. ఎంత నవ్వారంటే మేడం లోపల్నుంచి వచ్చి, "ఏమైంది బాబూ, ఏమన్నావు? ఆయన ఇలా నవ్వి చాలా రోజులైంది" అన్నారు.

"ఆ టేప్‌రికార్డర్ దింపండి" అన్నారు సారు. అటక మీంచి దింపాను. మిషన్లకు వాడే సన్న స్క్రూడ్రైవర్ తెప్పించి, వెనక రేకు నాతో విప్పించి, మోటారు వెనక ఒక చిన్న రంధ్రం చూపించారు. లోపల మినపగింజంత స్క్రూ ఉంది.

"దీంతో స్పీడు మారుతుందండీ. ఆ పాటలు హయ్యర్ బ్యాచికి మరీ నిదానంగా ఉండేవి. మీరు చేరకముందే పావు చుట్టు తిప్పాను. స్పీడు పెరిగితే గొంతు కూడా సన్నబడుతుంది కదా. బ్యాచి బ్యాచంతా అమ్మాయి అమ్మాయి అంటుంటే నాకూ అమ్మాయిలాగే వినబడ్డం మొదలైంది. తిప్పిన సంగతే మర్చిపోయాను. సీడీ అట్ట మీద నలుగురూ మగాళ్ళే కనబడేసరికి గుర్తొచ్చింది."

క్యాసెట్ పెట్టమన్నారు. పాట మొదలైంది, మా పాట, మా వేగం, మా పిల్ల. ఆయన ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ ఆ రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పారు. పదేళ్ళకు పైగా నా చెవిలో ఉన్న ఆ పిల్ల నా కళ్ళ ముందరే గొంతు బరువెక్కి, లోతుకు దిగి, పావు చుట్టులో ఒక అలిసిపోయిన కుర్రాడైపోయింది.

నేను అన్నాను, "మరి అప్పుడే గట్టిగ ఎందుకు చెప్పకపోతిరి సార్? అందరి ముంగట నా ఇజ్జత్..."

"అడిగాను కదండీ, ఒకసారి."

ఆయనే మళ్ళీ అన్నారు, "సవరణ వేస్తారా?"

"వేస్త సార్. వచ్చే సంచికలనే వేస్త."

వేయలేదు. ఆ చెల్లెలి ఉత్తరం గుర్తొచ్చేది. లేని పిల్ల కోసం ఏడ్చిన మనిషికి ఏమని రాయను? వ్యాసాన్ని మెచ్చుకున్నవాళ్ళ ముఖాలు గుర్తొచ్చేవి, దానికన్నా ఎక్కువగా నన్ను చూసి నవ్వబోయేవాళ్ళ ముఖాలు. వచ్చే సంచిక, ఆ పై సంచిక. తప్పు ఒప్పుకోని పార్టీల మీద, పత్రికల మీద, నాయకుల మీద ఆ మూడేళ్ళలో నేనెన్ని పేజీలు రాశానో చెప్పను. సారును అప్పుడప్పుడు కలిసేవాణ్ణి. చెరువు గురించి, లేఅవుట్ల గురించి, మేడం మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడుకునేవాళ్ళం. సవరణ గురించి ఆయన రెండోసారి అడగలేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. సవరణ: 'ఆ అమ్మాయి ఎక్కడ?' అనే వ్యాసంలో నేను పేర్కొన్న గాయని ఎప్పుడూ లేదు. ఆ బ్యాండులో మొదటి నుంచీ పాడింది ఒక మగమనిషే. ఎవరినీ ఎవరూ గెంటేయలేదు. పేరు వచ్చాక పాటలు నెమ్మదించలేదు, అవి మొదటి నుంచీ నెమ్మదివే. ఒక తరం ఆగ్రహమని నేను రాసిన వేగం మేడ్చల్‌లో ఒక స్క్రూడ్రైవర్‌ది. టైపు మాస్టారి గురించి రాసిన వాక్యం తప్పు, అది రాసిన పద్ధతి ఇంకా తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గుమాస్తాల్లో నేనొకణ్ణి. ఈ వ్యాసం కొడుతున్నది కూడా ఆయన నేర్పిన వేళ్ళే.

కరీంనగర్ చెల్లెలా, నువ్వు చదువుతుంటే, నీ ఏడుపు మాత్రం దండగ కాలేదు. అట్లా గెంటేయబడ్డ అమ్మాయిలు నిజంగానే ఉన్నారు. నేను చూపించిన చోట లేరు, అంతే.

ఇప్పుడు ఆ మొదటి ఆల్బంను అసలు వేగంలోనే వింటున్నాను. కోపమంటే ఉరకడమని నేను ఏళ్ళ తరబడి అనుకున్నాను, నా రాతంతా అట్లనే సాగింది. వాళ్ళు ఉరకలేదు. గేటు మూసిన మిల్లు ముందు నిలబడి, నిలబడే పాడారు. అది నా వేగం కన్నా బరువైన కోపం. మా వేగంలోని పాటలు కూడా అబద్ధం కావు. ఎనిమిది మిషన్లతో కలిసి నడిచిన ఆ పాటలు ఇంగ్లండులో ఎవరికీ తెలియవు, అవి మేడ్చల్‌వి. కొత్త పాటలు నాకు ఇప్పటికీ నచ్చవు. దానికి వేరే కారణాలున్నాయి, వాదించదలచుకున్నవాళ్ళు రావచ్చు.

ఆ మధ్యాహ్నం సంగతి ఒకటి మిగిలింది. స్క్రూ తిప్పాక పాట మొత్తం ఆ నిదానంలోనే సాగింది. నేను ఏదో సంజాయిషీ చెప్పుకోబోయాను. సారు ఎడమచెయ్యి పైకెత్తారు, ఆగమన్నట్టు. టేప్‌రికార్డర్ మీదికి వంగి చెవి దగ్గరగా పెట్టారు.

"విన్నారా? లైనుకూ లైనుకూ మధ్య."

మొదట నాకేమీ వినపడలేదు. తర్వాత వినపడింది. ప్రతి లైనుకు ముందు ఆ కుర్రాడు ఊపిరి పీల్చుకుంటున్నాడు. మా వేగంలో అది ఎన్నడూ మా చెవిన పడలేదు.

"ఇన్నేళ్ళూ పాపం ఇతన్ని ఊపిరి తీసుకోనివ్వలేదండీ మనం" అన్నారు.

మేడం మజ్జిగ గ్లాసులతో గుమ్మం దగ్గరికి వచ్చి, మా ఇద్దరినీ చూసి అక్కడే ఆగిపోయారు. సారు చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. పాట అయిపోయి, ఉత్త టేపు సర్రుమని తిరుగుతున్నా ఆయన ఆ చెయ్యి దించలేదు.